‘సంచిక’లో సంచి ఉందా?

మొన్న తిరుపతిలో మా ఇంటి అటక దులుపుతుంటే నాన్న దాచుకున్న పాత మాసపత్రికల కట్ట దొరికింది. పురికొసతో బిగించిన పన్నెండు పుస్తకాలు. పైదాని లోపలి పేజీలో చిన్న అక్షరాలతో ‘సంపుటి 4, సంచిక 1’ అని ఉంది. ఇంటర్ చదివే మా అమ్మాయి అది చూసి, “సంచిక అంటే చిన్న సంచా నాన్నా?” అంది. ఆ ప్రశ్న నన్ను రెండు రోజులు వదల్లేదు.

సంస్కృతంలో ‘చి’ ధాతువుకు ఏరడం, పోగుచేయడం అని అర్థం. పుష్పచయనంలో ఉన్నది అదే. సంచయం, సంచితం, సంచిక కూడా అక్కడివే. ఇక సంపుటం అంటే మూత ఉన్న భరిణె. కరసంపుటం అన్నప్పుడు దోసిలి మూసినట్టు కనిపిస్తుంది చూడండి, అదే మాట. నెలనెలా ఏరి కూర్చింది సంచిక. ఏడాది పొడుగునా వచ్చిన సంచికలను భద్రపరిచిన పెట్టె సంపుటి. మా నాన్న పురికొస చేసిన పని ఇదే.

హిందీ, మరాఠీ వాళ్లు సంచికను ‘అంక్’ అంటారు, అంటే అంకె. అది లెక్క మాత్రమే చెబుతుంది. మన మాట లోపల ఏముందో చెబుతుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో మొదలుపెట్టిన ‘భారతి’ మాసపత్రికనే తీసుకోండి. అది 1991 దాకా నడిచింది. కథ, పద్యం, శాసనాల మీద వ్యాసం, వ్యాకరణ చర్చ, పుస్తక సమీక్ష అన్నీ అందులో పక్కపక్కన కూర్చునేవి. అలాంటిదానికి ఏరి కూర్చినది అనే పేరే తగింది.

మన పాత చిత్తూరు జిల్లాకు అటు తమిళం, ఇటు కన్నడం. కన్నడంలో ‘సంచికె’ అనే అంటారు. తమిళంలో పత్రికను ‘ఇదళ్’ అంటారు, పూరేకు అని అర్థం. దీపావళి ప్రత్యేక సంచిక వాళ్లకు ‘దీపావళి మలర్’, అంటే పువ్వు. మన పత్రికలో ఉన్నది పత్రం, ఆకు. (మా పల్లెల్లో పత్రిక అంటే ముందు గుర్తొచ్చేది పెండ్లి పత్రికే. “పత్రిక ఇచ్చేదానికి వచ్చినాం” అంటే ఇంట్లో చాప పరుస్తారు.)

నా బాధ ఒకటుంది. ఇప్పుడు రాసేవాళ్లే “నా కథ మార్చి ఇష్యూలో వచ్చింది” అంటున్నారు. ఇష్యూ అంటే గొడవ అని కూడా కదా మన వాడుక! సంపుటి, సంకలనం కూడా కలిపేస్తున్నారు. ఒకే రచయిత కథలైతే సంపుటి, పలువురివైతే సంకలనం. ఈ తేడా పోతే అట్ట మీద పేరు చూసి లోపల ఏముందో పోల్చుకోలేం. ఇది పోనివ్వకూడదు.

చిత్తూరు నుంచి ఒక మిత్రుడి జవాబు:
అన్నా, సంచి కూడా పోగుచేసేదే కదా. రెండూ ఒకే మాట ఎందుకు కాకూడదు? మా అవ్వ నడుముకు వక్కాకు సంచి ఉండేది. ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ, చిల్లర, మాత్రలు అన్నీ అందులోనే. మీరు చెప్పిన భారతి మాదిరే.

నా జవాబు:
తమ్ముడూ, పోలిక చాలా బాగుంది. కన్నడంలో కూడా వక్కాకు తిత్తిని సంచి అంటారు. కానీ అర్థాలు దగ్గరగా ఉన్నంత మాత్రాన పుట్టుక ఒకటే అనలేం. సంచిక ‘సం’ ఉపసర్గతో, ‘చి’ ధాతువుతో ఏర్పడింది. సంచి ఇంటి మాటగా మూడు భాషల వాళ్ల నడుముల్లో తిరిగింది. రెండూ ఒకటేనని రాయడానికి నాకు ధైర్యం చాలదు. అయితే మా అమ్మాయికి మాత్రం మీ అవ్వ సంచి సంగతి చెప్పాను.

ఇంకొకటి అడగాలి. మా అమ్మ పత్రిక, సంచిక అనే మాటలు ఎప్పుడూ వాడలేదు. పోస్ట్‌మ్యాన్ గడపలోకి రాగానే “ఈ నెల పుస్తకం వచ్చిందా నాయనా?” అనేది. మీ ఇళ్లల్లో ఏమనేవాళ్లు?