నొప్పి లేని వృషణ గడ్డను కొన్నాళ్లు గమనించి చూడవచ్చా?

ప్రశ్న
నా వయసు 27 ఏళ్లు. స్నానం చేస్తుండగా కుడి వృషణం మీద శనగగింజంత గట్టి గడ్డ చేతికి తగిలింది. నొప్పి, జ్వరం, మూత్రంలో మంట ఏవీ లేవు. వైద్యుడికి చూపించుకోవడానికి చాలా సంకోచంగా ఉంది. కొన్ని నెలలు గమనించి, అది పెరిగితేనే వెళ్లవచ్చా? లక్షణాలు లేనివారికి వృషణ క్యాన్సర్ పరీక్షలు అక్కర్లేదని కూడా ఎక్కడో చదివాను.

జవాబు 1
దయచేసి నెలల తరబడి ఆగకండి, ఈ వారంలోనే యూరాలజిస్టును (మూత్ర, పురుష జననాంగ సమస్యల వైద్యుడిని) కలవండి. నొప్పి లేదన్నది ఇక్కడ ధైర్యం తెచ్చుకోదగిన సంగతి కాదు. వృషణ క్యాన్సర్ చాలామందిలో నొప్పి లేని గట్టి గడ్డగానో, వాపుగానో, వృషణం బరువెక్కినట్టుగానో మొదలవుతుంది. మొత్తం మీద అరుదైన జబ్బే అయినా, 15 నుంచి 35 ఏళ్ల మగవారిలో ఎక్కువగా కనిపించే క్యాన్సర్లలో ఇదొకటి. అలాగని ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. వృషణం చుట్టూ నీరు చేరినా, సిరలు ఉబ్బినా, వెనకవైపున ఉండే ఎపిడిడిమిస్‌ అనే వీర్యకణాల గొట్టంలో నీటితిత్తి ఏర్పడినా చేతికి గడ్డలాగే తగలవచ్చు. గడ్డ వృషణం లోపల ఉందా, బయట ఉందా అన్నది వేళ్లతో తేల్చుకోవడం కష్టం కాబట్టి, నొప్పి ఏమాత్రం లేని అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించుకోవడమే సరైన దారి.

జవాబు 2
మీరు చదివిన మాట నిజమే. అమెరికాలోని నివారణ సేవల కార్యదళం 2011లో, లక్షణాలు లేనివారికి వృషణ క్యాన్సర్ స్క్రీనింగ్ (ముందుజాగ్రత్తగా చేసే పరీక్ష) వద్దని సూచించింది. కానీ మీ చేతికి గడ్డ తగిలింది కనుక ఆ సూచన మీకు వర్తించదు.

స్కాన్‌లో అనుమానం కలిగితే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే, క్యాన్సర్ ఆనవాళ్లు వెతికే రక్త పరీక్షలు చేస్తారు. అవి మామూలుగా ఉన్నా క్యాన్సర్ లేదని తేల్చలేరు. వృషణకోశం గుండా సూది గుచ్చి ముక్క తీయడం సాధారణంగా చేయరు, ఎందుకంటే కణాలు చుట్టుపక్కలకు పాకే ప్రమాదం ఉంటుంది. గజ్జల దగ్గర చిన్న కోత పెట్టి వృషణాన్ని తీసి పరీక్షకు పంపుతారు. రెండో వృషణం ఆరోగ్యంగా ఉంటే మగ హార్మోనుకూ, సంతానానికీ చాలామందిలో అదొక్కటే సరిపోతుంది. అయినా చికిత్సకు ముందే వీర్యాన్ని భద్రపరచుకోవడం గురించి అడగండి. జబ్బు వృషణం దాటకముందే దొరికితే నూటికి 95 మందికి పైగా నయమవుతారు. వ్యాపించినా సిస్‌ప్లాటిన్ అనే మందు ఉన్న కీమోథెరపీతో చాలామంది కోలుకుంటారు, కాకపోతే ఆ చికిత్స దీర్ఘమైనది, కఠినమైనది.

ప్రశ్న అడిగినవారు
చిన్నప్పుడు కుడి వృషణం కిందికి దిగకపోతే శస్త్రచికిత్స చేశారని అమ్మ చెప్పింది. అది చెప్పాలా?

జవాబు 3
తప్పకుండా, ముందుగా అదే చెప్పండి. కిందికి దిగని వృషణం ఈ క్యాన్సర్‌కు బాగా తెలిసిన ప్రమాద కారణం. బాల్యంలో సరిచేయించడం వల్ల ముప్పు తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. నడుము నొప్పి, రొమ్ముల్లో వాపు, ఆయాసం లాంటివి ఉంటే అవీ దాచకండి. ఒకవేళ ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ ఇచ్చినా, మాత్రలు వాడాక గడ్డ అలాగే ఉంటే స్కాన్ రాయమని మీరే అడగండి.