మా జీపీఎస్ సెట్ల ఎల్1, ఆదిత్య ఎల్1 ఒకటేనా? సూర్యుడికో టెలిస్కోపు, గెలాక్సీలకో టెలిస్కోపు ఎందుకు?

హార్బర్ రేడియో, విశాఖపట్నం:

నాకు ఫిషింగ్ హార్బర్ దగ్గర చిన్న షాపు ఉంది. బోట్ల జీపీఎస్, ఫిష్ ఫైండర్, వీహెచ్‌ఎఫ్ సెట్లు రిపేరు చేస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. చదువు ఐటీఐతో ఆగింది, ప్రశ్న మొరటుగా ఉంటే ఏమనుకోకండి.

ఈ మార్చిలో ఐదు జీపీఎస్ సెట్లు ఒకే కంప్లయింటుతో వచ్చాయి. పగలంతా బాగానే ఉంటాయి. పొద్దుగూకి గంటో గంటన్నరో అయ్యాక శాటిలైట్లు ఒక్కొక్కటే పోతాయి. అర్ధరాత్రి దాటితే మళ్ళీ మామూలే. ఒక సరంగు సెట్టు తెచ్చి కౌంటరు మీద పడేసి, "లంగరేసి బోటు కదలకుండా ఉంది, గీత సూస్తే ముగ్గేసినట్టు తిరగతంది. ఏటి బాబూ ఇది?" అన్నాడు. షాపులో పెట్టి చూస్తే లోపం ఏమీ లేదు. అయినా నేను షాపు ఏడింటికే కట్టేస్తాను, రాత్రి సంగతి నాకెలా తెలుస్తుంది?

మా అమ్మాయి పదో తరగతి. పరీక్షకి చదవాల్సింది పోయి, "సూర్యుడి మీద మచ్చలు ఎక్కువైతే జీపీఎస్ తడబడుతుంది నాన్నా, అందుకే సూర్యుణ్ణి చూడ్డానికి ఇస్రో వాళ్ళు ఆదిత్య ఎల్1 పంపారు" అంది. ఎల్1 అనగానే నాకు లైటు వెలిగింది. మా సెట్ల స్పెసిఫికేషన్ కాగితంలో కూడా ఎల్1 అనే ఉంటుంది! రెండూ ఒకటేనా అంటే నవ్వి లోపలికి పోయింది.

ఇంకోటి. ఆదిత్య 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉందట. గెలాక్సీలను చూసే జేమ్స్ వెబ్ కూడా 15 లక్షలేనట. అంత దూరం ఎలాగూ పంపుతున్నప్పుడు ఒకే పెద్ద టెలిస్కోపు పెట్టి కాసేపు సూర్యుణ్ణి, కాసేపు గెలాక్సీలను చూసుకోవచ్చుగా? మా బోట్లు రెండు మూడు రకాల వలలు వేసుకుని వెళ్ళట్లేదా?

ఎర్రమట్టిదిబ్బలు:

ముందు ఎల్1 తేలుద్దాం. రెండింటికీ చుట్టరికం లేదు. మీ సెట్టులో ఎల్1 అంటే శాటిలైటు మాట్లాడే ఫ్రీక్వెన్సీ, 1575.42 మెగాహెర్ట్జ్. ఆదిత్య పేరులో 'ఎల్' అంటే లగ్రాంజ్ అనే పాతకాలపు గణితవేత్త. సూర్యుడి ఆకర్షణ, భూమి ఆకర్షణ రెండూ కలిసి కొన్ని చోట్ల ఎలా సర్దుకుంటాయంటే, అక్కడ పెట్టిన వస్తువు భూమితోపాటే సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. అలాంటి చోట్లు ఐదు. మొదటిది మనకీ సూర్యుడికీ మధ్య, రెండోది మన వెనక. ఆదిత్య ఎల్1 దగ్గర, వెబ్ ఎల్2 దగ్గర. దూరం ఒకటే గాని దిక్కులు ఎదురెదురు. ఒకటి తూర్పు గుమ్మం, ఒకటి పడమటి గుమ్మం అనుకోండి.

ఇక రెండు వలల సంగతి. వెబ్ సూర్యుడి వైపు అద్దం తిప్పిందంటే దాని పని అయిపోయినట్టే. అతి దూరపు గెలాక్సీల కాంతి వందల కోట్ల ఏళ్లు ప్రయాణించేసరికి సాగిపోయి, పరారుణ కిరణాలుగా మారి వస్తుంది. పరారుణం అంటే మన భాషలో వేడే. టెలిస్కోపు తానే వెచ్చగా ఉంటే, దాని వేడిలో ఆ గెలాక్సీ వేడి కలిసిపోతుంది. అందుకే టెన్నిస్ కోర్టంత తెరను ఐదు పొరలుగా కట్టారు. తెరకి సూర్యుడి వైపు దాదాపు 85 డిగ్రీల సెల్సియస్, అద్దం వైపు మైనస్ 233. బుధుణ్ణీ శుక్రుణ్ణీ కూడా అది చూడలేదు, అవి సూర్యుడికి మరీ దగ్గర. ఆ తెర చాటున కూర్చునే, విశ్వం మొదలైన బిగ్ బ్యాంగ్ తర్వాత 30 కోట్ల ఏళ్లు కూడా నిండకముందు వెలిగిన గెలాక్సీని 2024లో పట్టింది.

ఆదిత్యది ఇంకో రకం కష్టం. దాంట్లో వీఈఎల్‌సీ అనే పరికరం ఉంది, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్ళు చేశారు. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే పలచటి పొరను చూడాలి, అది సూర్యబింబం కన్నా సుమారు పది లక్షల రెట్లు మసక. కాబట్టి బింబాన్ని అడ్డం పెట్టి మూసేయాలి. తెల్లవారి రేవులో నిలబడి వచ్చే బోటును గుర్తుపట్టడానికి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు చూడండి, అదే పని. ఒకరికి వెలుతురు ఎక్కువై బాధ, ఇంకొకరికి చాలక బాధ. ఒకే కంటితో రెండూ కావు.

అయితే గెలాక్సీలు చూసేవాళ్ళకి సూర్యుడితో పని లేదనుకోకండి. హబుల్ టెలిస్కోపు 1990 నుంచీ భూమి చుట్టూనే తిరుగుతోంది, ఇప్పుడు సుమారు 500 కిలోమీటర్ల ఎత్తులో ఉంది. సూర్యుడు రెచ్చిపోతే మన పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది, పల్చటి గాలి హబుల్‌కి తగిలి కిందికి లాగుతుంది. ఏటా కాస్త కాస్త దిగుతూనే ఉంది పాపం.

వాల్తేరు పాతకాపు:

హార్బర్ గారూ, మీ అమ్మాయి చెప్పింది నిజం. నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివాను. అక్కడ అయనోస్ఫియర్ మీద, అంటే పై వాతావరణంలో ఎండకి విద్యుత్ కణాలుగా విడిపోయిన గాలి పొర మీద, దశాబ్దాలుగా పరిశోధన జరిగింది. మన విశాఖ అయస్కాంత భూమధ్యరేఖకు (భూమి అయస్కాంత శక్తి లెక్కన గీసే నడిమి గీతకు) దగ్గర కాబట్టి ఈ తలనొప్పి మనకి ఎక్కువ.

పొద్దుగూకాక అయనోస్ఫియర్ కింది పొర చప్పున పలచబడిపోతుంది, పై పొర మాత్రం చిక్కగానే ఉంటుంది. నీళ్ల కింద నూనె పోస్తే ఆగుతుందా? బుడగలై పైకి లేస్తుంది. ఇక్కడా అంతే, పలచటి బుడగలు వందల కిలోమీటర్ల ఎత్తుకి పోతాయి. జీపీఎస్ సిగ్నల్ వాటిని దాటేటప్పుడు నక్షత్రం మిణుకుమన్నట్టు మిణుకుమంటుంది. సెట్టు లాక్, అంటే శాటిలైటు మీద పట్టు, పోగొట్టుకుంటుంది. మార్చి, ఏప్రిల్‌లోనూ సెప్టెంబరు, అక్టోబరులోనూ ఇది ఎక్కువ. సూర్యుడి పదకొండేళ్ల ఆటు పోటుల్లో పోటు మీదున్న ఏళ్లలో ఇంకా ఎక్కువ. ఈసారి పోటులో సూర్యుడు గరిష్ఠ దశకు చేరాడని 2024 అక్టోబరులో ప్రకటించారు కూడా.

2024 మే 10, 11 తేదీల్లో పెద్ద సౌర తుఫాను వచ్చింది. లడాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రగా కనిపించింది. మన బోట్లు వేట నిషేధంలో ఒడ్డునే ఉండబట్టి ఎవరూ మీ షాపుకి రాలేదు, అంతే.

కానీ ఒక్క మాట. నేరం సూర్యుడి మీద తోసేముందు యాంటెన్నా కనెక్టర్ విప్పి చూడండి. ఉప్పుగాలికి చిలుము పట్టి ఉంటే ఏ టెలిస్కోపూ ఏమీ చేయలేదు.

డాబాగార్డెన్స్ కుర్రోడు:

ఇంత డబ్బు పోసి 1300 కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీని చూస్తే ఎవరికి ఒరిగింది? సూర్యుడి దాకా ఓకే, జీపీఎస్‌కి పనికొస్తుంది.

ఎర్రమట్టిదిబ్బలు:

పేరులో డాబాగార్డెన్స్ పెట్టుకుని ఈ ప్రశ్న అడిగారు చూడండి! మీ పేటలోనే గోడే వెంకట జగ్గారావు గారి అబ్జర్వేటరీ ఉండేది, 1840ల నాటిది. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874లో శుక్రుడు సూర్యుడి మీదుగా దాటడాన్ని అక్కడి నుంచే చూసి లండన్ పత్రికకు రాశారు. జీపీఎస్ కోసం చూళ్ళేదు ఆయన.

ఇంకా ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరుకి వచ్చి చూశాడు, మచిలీపట్నంలో పాగ్సన్ అనే ఇంకో ఖగోళ శాస్త్రవేత్త చూశాడు. ఆ ఏడాది సూర్యుడి కాంతిని రంగులుగా విడదీసి చూస్తే దొరికిన ఒక పసుపు గీత ఏ మూలకానిదో ఎవరికీ అంతు పట్టలేదు. దానికే హీలియం అని పేరు పెట్టారు. భూమ్మీద అది దొరకడానికి 1895 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు వెబ్‌లో ఎంఐఆర్‌ఐ అనే కెమెరా ఉంది, తెర చాటు చల్లదనం కూడా దానికి చాలదు, మైనస్ 266 కావాలి. దాన్ని అంత చల్లబరిచే కూలర్‌లో తిరిగేది ఆ హీలియమే.

డాబాగార్డెన్స్ కుర్రోడు:

అబ్జర్వేటరీ సంగతి నిజంగా తెలీదండి. మా తాతయ్యని అడుగుతాను.

హార్బర్ రేడియో:

అందరికీ థాంక్స్. నిన్న షాపు పదింటి దాకా తెరిచి ఉంచాను, ఐదు సెట్లూ బయట స్టూలు మీద పెట్టి కూర్చున్నాను. ముందే పాతకాపు గారి మాట విని కనెక్టర్లు విప్పాను. మూడింటిలో పచ్చగా చిలుము. శుభ్రం చేసి, కొత్త పిన్ను వేసి, గ్రీజు పెట్టాను. ఏడూ నలభైకి చిలుము లేని రెండు సెట్లలో శాటిలైట్లు పదకొండు నుంచి నాలుగుకి పడ్డాయి. బాగుచేసిన మూడూ కూడా అప్పుడే పడ్డాయి! మూడింటికీ రెండు జబ్బులన్నమాట.

సరంగుకి ఫోన్ చేసి సూర్యుడి వల్ల అని చెబితే, "మరి బిల్లు సూర్యుడికి పంపు" అన్నాడు. పిన్నుల డబ్బులు మాత్రం ఇస్తానన్నాడు.