800 మైళ్లకే స్లైడ్లు అయిపోయాయి, ఎడమది మరీను

హౌటన్_కుర్రాడు:
అందరికీ నమస్తే. పోయిన సీజన్లో సెకండ్ హ్యాండ్‌లో 137 అంగుళాల ట్రాక్ (కింద తిరిగే రబ్బరు పట్టా) ఉన్న స్లెడ్, అదే స్నోమొబైల్, కొన్నాను. కొత్త స్లైడ్లు (ట్రాక్ జారడానికి రైలు కడ్డీల అడుగున ఉండే ప్లాస్టిక్ పట్టీలు) వేయించి 800 మైళ్లు తిరిగానో లేదో, నిన్న బండిని పక్కకి పడుకోబెట్టి చూస్తే కుడిది అరుగుదల గీత దగ్గరికొచ్చింది, ఎడమది గీత దాటేసింది. రైలు ముందు వంపు దగ్గరైతే వాడి వాడి మిగిలిన సబ్బు ముక్కలా ఉంది. ట్రాక్‌కి ఉండే లోహపు క్లిప్పులకి నల్లగా ప్లాస్టిక్ అంటుకుంది. అదనంగా బోగీ చక్రాలు (ట్రాక్ మీద దొర్లుతూ బరువు మోసే చిన్న చక్రాలు) వేయిస్తే లాభమా? ట్రాక్ టెన్షన్ ఎంత ఉంచాలి? ట్రాక్ ఎడమ అంచు పీచులా లేస్తోంది, దీనికీ దానికీ సంబంధం ఉందా?

డులుత్_శీను:
ఐసుని గీకే స్క్రాచర్లు ఉన్నాయా లేవా, ముందు అది చెప్పు తమ్ముడూ. 2023-24 చలికాలం గుర్తుందిగా, ఇక్కడ మంచే లేదు. ఎలాగైనా ఒక్క వారాంతం తిరగాలని గట్టిపడిన ఐసు మీద, మధ్యలో కంకర తేలిన చోట్ల కూడా నడిపేశాను. మధ్యాహ్నానికి కాలిన ప్లాస్టిక్ కవరు వాసన. ఆ ఒక్క రోజుకే కొత్త స్లైడ్లు పోయాయి. కుదురుగా మంచున్న చోట అవే రెండు మూడు సీజన్లు వస్తాయి.

తిమ్మిన్స్_కోడలు:
స్క్రాచర్లే నా ఓటు. మూడో సీజన్ నడుస్తోంది, స్లైడ్లు అవే. గట్టి బాట రాగానే దింపుతాను. అవి ఐసుని గీకితే లేచిన పొడి ట్రాక్‌లో పడి క్లిప్పుకీ స్లైడుకీ మధ్య చేరుతుంది. కూలెంట్ టెంపరేచర్ కూడా దిగుతుంది, మీటర్లో కనిపిస్తుంది. ఒక్కటే జాగ్రత్త, కేబుల్ రకం కొనండి. మొదట కొన్నవి బిరుసు కడ్డీ రకం. అవి దింపి ఉన్నాయని చూసుకోకుండా మా ఆయన రివర్స్ చేశారు, రెండూ వంకర పోయాయి. "చెప్పొచ్చుగా" అని మళ్లీ నా మీదే.

ఇరుసు_బాబాయి:
ఇన్ని ఖర్చులెందుకయ్యా. బయల్దేరే ముందు స్లైడుకి ఇంత ఆముదం పట్టించు. మా నాన్న ఎడ్లబండి ఇరుసుకి కందెన పెట్టకుండా పొలం గట్టు దాటేవాడు కాదు. రాపిడి ఉన్న చోట కందెన ఉండాలి, అంతే. నేను మార్కెట్‌లో నాలుగేళ్లుగా ఇదే చేస్తున్నాను.

తిమ్మిన్స్_కోడలు:
ఏ మార్కెట్ బాబాయ్ గారూ?

ఇరుసు_బాబాయి:
మిషిగన్‌లో ఊరి పేరమ్మా అది. యూపీలో, అంటే అప్పర్ పెనిన్సులాలో ఉంది. యూపీ అంటే లక్నో అనుకునేవాళ్లకి సమాధానం చెప్పే ఓపిక లేదు.

టార్క్_మూర్తి:
పెద్దవారని కూడా చూడకుండా అనాల్సి వస్తోంది, ఆముదం పూర్తిగా తప్పు. 22 ఏళ్లుగా బేరింగుల డిజైన్లో ఉన్నాను. స్లైడు అంటే చాలా ఎక్కువ అణుభారం ఉన్న పాలిథిలిన్. అది సుమారు 135 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. లోహపు క్లిప్పు దాని మీద వేగంగా పోతుంటే వేడి పుడుతుంది. ఆ వేడిని లాక్కునేది మంచు. మంచు కరిగి పలచటి నీటి పొర అవుతుంది, ఆ పొర మీదే క్లిప్పు జారుతుంది. మీరు నూనె రాస్తే మొదటి రెండు మైళ్లలో మంచే దాన్ని తుడిచేస్తుంది. పోకుండా మిగిలిన కాస్త జిడ్డుకి ఇసుక అంటుకుని ఉప్పుకాగితంలా పనిచేస్తుంది.

ఇరుసు_బాబాయి:
22 ఏళ్లు ఏసీ గదిలో కూర్చుని డిజైన్ చేశావు. నా స్లైడ్లు అరగలేదు. నీ లెక్కకి నా స్లైడ్లు రావు, ఏం చేయమంటావు?

టార్క్_మూర్తి:
ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతారు బాబాయ్ గారూ?

ఇరుసు_బాబాయి:
మైళ్లతో ఏం పని?

డులుత్_శీను:
అబ్బా, ఆ మాట చెప్పండి ముందు.

ఇరుసు_బాబాయి:
200 ఉండొచ్చు. అంతా పొడిమంచులోనే. నడుం నొప్పి.

డులుత్_శీను:
హహ్హహ్హ. పొడిమంచులో 200 మైళ్లకి ఆముదమే కాదు, ఏమీ రాయకపోయినా అరగదు.

ఇరుసు_బాబాయి:
నవ్వండి నవ్వండి. పెద్దల మాటకి విలువిచ్చే రోజులా ఇవి.

ఈగిల్‌రివర్_ప్రసాద్:
ఆముదం సంగతి వదిలేద్దాం. అసలు ట్రాక్ టెన్షన్ గురించి ఎవరూ మాట్లాడరేం? నేను గట్టిగా బిగిస్తాను. వదులుంటే యాక్సిలరేటర్ నొక్కగానే ట్రాక్‌ని తిప్పే డ్రైవర్ చక్రం పళ్లు తప్పి టకటకా కొట్టుకుంటుంది, ట్రాక్ లోపలి లగ్గులు (రబ్బరు పళ్లు) చిరుగుతాయి.

టార్క్_మూర్తి:
గట్టిగా బిగిస్తేనే స్లైడ్లు ముందు చస్తాయి. క్లిప్పుల ఒత్తిడి పెరుగుతుంది, చక్రాల బేరింగుల మీద భారం పడుతుంది, టాప్ స్పీడు కూడా తగ్గుతుంది. బండి వెనక భాగం ఎత్తి, కింది ట్రాక్ నడిమధ్యన మీ మోడల్‌కి చెప్పిన బరువు వేలాడదీసి, స్లైడు అడుక్కీ క్లిప్పుకీ మధ్య సందు కొలవాలి. కొన్ని బళ్లకి ఆ బరువు 10 పౌన్లు. సందు ఎంతన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడండి. చేత్తో లాగి చూసి సరిపోయిందనుకోవడం కాదు.

ఈగిల్‌రివర్_ప్రసాద్:
మాన్యువల్ చదవడం మాకూ వచ్చండీ. నేనుండేది విస్కాన్సిన్‌లో, సేనర్‌కి అరగంట దూరంలో. కార్ల్ ఎలియసన్ 1924లో మోటార్ టొబోగన్ (స్నోమొబైల్‌కి తొలి రూపం) కట్టిన ఊరది. ఇక్కడ మాకు స్నోమొబైల్ గురించి పాఠాలు అవసరం లేదు.

తిమ్మిన్స్_కోడలు:
సేనర్ పక్కన ఇల్లు కొనుక్కుంటే ఎలియసన్ ఆవహిస్తాడా ప్రసాద్ గారూ? 😀

ఈగిల్‌రివర్_ప్రసాద్:
మేడం, నేను మీతో మాట్లాడలేదు.

తిమ్మిన్స్_కోడలు:
ఇది చర్చ. అందరితోనూ మాట్లాడినట్టే. సరే, ఆ అబ్బాయి ఎడమ పక్క ఎందుకు ఎక్కువ అరిగిందని అడిగాడు, ఇంతవరకూ ఒక్కరూ పట్టించుకోలేదు. బాబూ, అంచు పీచు లేస్తోందంటే అలైన్‌మెంట్ చూసుకో. వెనక భాగం స్టాండు మీద ఎత్తి, ఇంజన్‌తో ట్రాక్‌ని మెల్లగా తిప్పి ఆపెయ్. తర్వాత రెండు వైపులా స్లైడుకీ క్లిప్పు లోపలి అంచుకీ మధ్య సందు చూడు, సమానంగా ఉండాలి. లేకపోతే వెనక ఇరుసు వదులు చేసి, అడ్జస్టర్ బోల్టు పావు చుట్టు చొప్పున తిప్పి, మళ్లీ తిప్పి చూడాలి. ట్రాక్ తిరుగుతున్నప్పుడు వెనక ఎవరూ నిలబడకూడదు. ట్రాక్‌కి బిగించిన స్టడ్ (లోహపు ముల్లు) ఊడితే తూటాలా వస్తుంది. ఇంకో మాట, బోగీ చక్రాలన్నీ ఒక్కోటి చేత్తో తిప్పి చూడు.

డులుత్_శీను:
కోడలు గారు చెప్పింది రైటు. ఇంకోటి, కొత్త స్లైడ్లు వేశాక మొదటి కొన్ని మైళ్లు మంచి మెత్తటి మంచులో నడిపి కుదురుకోనివ్వాలి. డీలరు దగ్గర వేయించుకున్నవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు. నాకు వేసిన ఒక షాపువాడు కుడి స్లైడు ముందు స్క్రూ బిగించడమే మర్చిపోయాడు. 40 మైళ్లకి అది వెనక్కి జారి బయటికి తోక వేసింది. అప్పట్నుంచి నేనే మార్చుకుంటున్నాను. సస్పెన్షన్ ముందు బోల్టులు విప్పి కిందికి దింపి, రైలుకి సబ్బునీళ్లు రాసి, చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా కొట్టుకుంటూ పోతే దూరిపోతుంది.

ఇరుసు_బాబాయి:
సబ్బునీళ్లు రాయొచ్చు కానీ ఆముదం రాయకూడదు. బాగుంది.

టార్క్_మూర్తి:
అది ఎక్కించేటప్పుడు బాబాయ్ గారూ!!

హౌటన్_కుర్రాడు:
అందరికీ థ్యాంక్స్. ఇప్పుడే గ్యారేజీలోంచి వస్తున్నాను. అక్క చెప్పినట్టు చక్రాలన్నీ తిప్పి చూశాను. ఎడమ రైలు మీద మధ్య చక్రం తిరగట్లేదు, బేరింగు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చక్రం రబ్బరు కింది వైపు ఈడ్చుకుని ఈడ్చుకుని నాణెం అంత చదును అయిపోయి ఉంది. ఆ వైపు బరువంతా స్లైడు మీదే పడినట్టుంది. ట్రాక్ కూడా వేలి మందం ఎడమకి జరిగి ఉంది. బేరింగు, స్లైడ్ల జత ఆర్డర్ పెట్టాను. ఎక్స్‌ట్రా బోగీల సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు.

డులుత్_శీను:
ఉన్నవాటినే తిరగనివ్వు ముందు. గట్టి బాటల మీదే తిరుగుతావా? అయితే రైలు ముందు వంపు దాటాక ఒక జత పెట్టు, అక్కడే నీది ఎక్కువ అరిగింది. లోతు మంచులోకే వెళ్తానంటే దండగ, బరువు తప్ప ఒరిగేదేమీ లేదు.

ఈగిల్‌రివర్_ప్రసాద్:
కోడలు గారూ, ఆ కేబుల్ స్క్రాచర్లు రైలుకి బోల్టు వేసే రకమా, క్లాంపు రకమా? నా బండికీ పెట్టిద్దామని.

తిమ్మిన్స్_కోడలు:
నాతో మాట్లాడట్లేదనుకున్నానే.