క్రేన్ గ్రానైట్ బ్లాక్ ఎత్తగానే జనరేటర్ కుంగిపోతోంది, ఫ్లైవీల్ పెడితే ఆగుతుందా?

చీమకుర్తి_సూపర్‌వైజర్:
అందరికీ నమస్కారం. గ్రానైట్ యూనిట్‌లో పనిచేస్తున్నాను. కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద నడుపుతాం. క్రేన్ బ్లాక్‌ని నేల మీంచి లేపేటప్పుడు ఇంజిన్ మూలుగుతుంది, లైట్లు మసకబారతాయి. ఒక్కోసారి పాలిషింగ్ మెషీన్ ట్రిప్ అయి, స్లాబ్‌ని మళ్ళీ మొదటినుంచి పట్టాల్సి వస్తుంది. ఓనరు గారు ఇంకా పెద్ద జనరేటర్ కొందామంటున్నారు. ఫ్లైవీల్‌తో, అంటే వేగంగా తిరిగే బరువైన చక్రంతో, ఇలాంటి కుదుపులు ఆపుతారని విన్నాను. నిజమేనా? బ్యాటరీ కన్నా నయమా?

రిలే_టెస్టర్:
నిజమేనండీ. అలాస్కాలో కోడియాక్ దీవికి అచ్చం మీ సమస్యే వచ్చింది. అక్కడి కరెంటు దాదాపు అంతా జలవిద్యుత్తు, గాలిమరలదే. బయటి గ్రిడ్‌తో కనెక్షన్ లేదు. రేవులో పెద్ద ఎలక్ట్రిక్ క్రేన్ పెడితే కంటెయినర్ ఎత్తిన ప్రతిసారీ ఊరంతటి కరెంటు ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్ని ఆవృత్తులన్నది) ఊగుతుంది. గాలి పడిపోయినప్పుడు ఆదుకోవడానికి 3 మెగావాట్ల బ్యాటరీ అప్పటికే ఉంది. కానీ క్రేన్ కుదుపులు కూడా దాని నెత్తిన వేస్తే త్వరగా అరిగిపోతుంది. అందుకే 2015లో ఒక్కో మెగావాట్‌వి రెండు ఫ్లైవీల్స్ పెట్టారు.

కరెంటు మిగిలితే చక్రం వేగం పెరుగుతుంది, తగ్గితే చక్రమే జనరేటర్‌గా మారి తిరిగి ఇస్తుంది. రోజుకి వందలసార్లు ఇలా చేసినా బ్యాటరీలా అరగదు. కాకపోతే గంటల తరబడి ఇవ్వలేదు. న్యూయార్క్ రాష్ట్రం స్టీఫెన్‌టౌన్‌లో 200 చక్రాలున్న 20 మెగావాట్ల ప్లాంటు కూడా పూర్తి లోడు మీద 15 నిమిషాలే.

ఇంత చెప్పినా, మీ యూనిట్‌కి మాత్రం ఫ్లైవీల్ కొనమని అనను. ముందు క్రేన్ హాయిస్ట్ మోటారుకి (బరువెత్తే మోటారు) వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్, పెట్టించండి. స్టార్టింగ్ కరెంటు ఒక్కసారిగా లాగకుండా మెల్లగా ఎత్తుతుంది. సగం గొడవ అక్కడే తీరుతుంది.

వైండింగ్_బాబాయ్:
వీఎఫ్‌డీ మాట కరెక్టే. కానీ తమ్ముడూ, బ్లాక్ దించేటప్పుడు మోటారు నుంచి కరెంటు వెనక్కి వస్తుంది. దాన్ని వేడిగా మార్చి ఖర్చు చేసే బ్రేకింగ్ రెసిస్టర్ లేకపోతే ఓవర్‌వోల్టేజ్‌తో డ్రైవ్ ట్రిప్ అవుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, మోటారు బరువు పట్టుకున్నాకే బ్రేక్ వదిలేలా సెట్టింగ్ ఉండాలి. లేదంటే బ్లాక్ జారుతుంది. కింద మనుషులుంటారు, సెట్టింగ్ తెలిసినవాళ్ళ చేతే చేయించు.

చీమకుర్తి_సూపర్‌వైజర్:
థాంక్స్ అండీ, థాంక్స్ బాబాయ్. మా మెకానిక్ ఒక మాటన్నాడు. లేత్ షాపులో పెద్ద ఇనప చక్రం చేయించి జనరేటర్ షాఫ్ట్‌కే బిగిస్తే?

రిలే_టెస్టర్:
దయచేసి ఆ పని చేయనివ్వకండి. 1500 ఆర్‌పీఎం మీద తిరిగే చక్రం పగిలితే ముక్కలు షెడ్డు గోడల్ని కూడా చీల్చుకుని పోతాయి. అదనపు బరువుకి క్రాంక్‌షాఫ్ట్ మెలిపడి విరిగే ప్రమాదమూ ఉంది.

పైగా లాభం తక్కువ. చక్రంలో శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. షాఫ్ట్‌కి బిగిస్తే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి 49కి పడేలోపు వేగం తగ్గేది 2 శాతమే, అంటే బయటికొచ్చేది దాదాపు 4 శాతం శక్తి. గ్రిడ్ ఫ్లైవీల్స్‌లో మధ్యన ఎలక్ట్రానిక్స్ ఉంటాయి కాబట్టి చక్రం వేగం ఎలా మారినా బయటికి 50 హెర్ట్జే వెళ్తుంది. వేగం సగానికి దించగలిగితే 75 శాతం శక్తి చేతికొస్తుంది.

హాయిస్ట్ మోటారు నేమ్‌ప్లేట్ ఫొటో, జనరేటర్ కేవీఏ (సామర్థ్యం), ఇంజిన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ మెకానికలా ఎలక్ట్రానిక్కా అన్నది పెట్టండి. డ్రైవ్ సైజు లెక్కేసి చెప్తాను. అంతవరకు క్రేన్ ఎత్తే టైములో పాలిషింగ్ మెషీన్ స్టార్ట్ చేయకండి.