చదవాల్సిన బ్లాగులు 60, ఉన్నది రోజుకు అరగంట: బ్లాగ్మిత్రులను నిలుపుకునేదెలా? (చర్చ)

తీరికలేనిరాత
లెక్క ఇదీ: వారానికి ఐదు రోజులు, రోజుకు 30 నిమిషాలు. అందులోనే టపా రాయాలి, మిత్రుల టపాలు చదవాలి, వ్యాఖ్య పెట్టాలి, వచ్చిన వ్యాఖ్యలకు జవాబివ్వాలి, మెయిళ్లు చూడాలి. రాతకే సమయమంతా పోతే మనుషులు జారిపోతారు, మనుషులతోనే గడిపితే బ్లాగు ఎండిపోతుంది. "మనసుంటే మార్గముంటుంది" తరహా జవాబులు వద్దండీ. ఏ సెట్టింగు, ఎన్ని నిమిషాలు, ఎక్కడ చెడుతుంది అన్నవి చెప్పండి.

ఫీడుపిచ్చి
మొదటి పని ఫీడ్ రీడర్ (మనం చేర్చుకున్న బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకే చోట చూపే యాప్) పెట్టుకోవడం. ఆ టపాలను బ్లాగు నుంచి రీడర్‌కు చేరవేసేదే ఫీడు. సోషల్ మీడియాలో లింకు కంటబడితే చదువుదాం అనుకుంటే, ఎవరు కంటబడాలో ఆ సైటే నిర్ణయిస్తుంది. నెలకు ఒక్కసారి రాసేవాళ్లు అందరికంటే ముందు మాయమవుతారు. తీరా చూస్తే మనకు కావాల్సినవాళ్లు వాళ్లే.

రీడర్‌లో బ్లాగు చిరునామా ఇస్తే చాలావరకు ఫీడు దానంతటదే దొరుకుతుంది. దొరక్కపోతే, బ్లాగు ఏ వేదిక మీద నడుస్తోందో దాన్నిబట్టి చిరునామా చివర చేర్చాల్సిన ముక్క ఇదీ (ఇంగ్లిషులో టైపు చేయాలి): వర్డ్‌ప్రెస్ అయితే "/ఫీడ్", బ్లాగర్ అయితే "/ఫీడ్స్/పోస్ట్స్/డిఫాల్ట్". వ్యాఖ్యలకు వేరే ఫీడు ఉంటుందని చాలామంది గమనించరు. వర్డ్‌ప్రెస్‌లో అది "/కామెంట్స్/ఫీడ్", బ్లాగర్‌లో "/ఫీడ్స్/కామెంట్స్/డిఫాల్ట్". బాగా దగ్గరివాళ్లు ఓ నలుగురైదుగురికి దీన్ని కూడా పెట్టుకుంటే, అక్కడ కబుర్లు ఎటు పోతున్నాయో బ్లాగు తెరవకుండానే తెలుస్తుంది.

ఫోల్డర్లు సాహిత్యం, సినిమా, సాంకేతికం అని విషయాలవారీగా చేయకండి. మనుషులవారీగా చేయండి: "తప్పనిసరి" (10 మందికి మించకూడదు), "వారానికోసారి" (20 దాకా), "వీలైతే" (మిగతావాళ్లు). రీడర్లలో ఫీడ్లీ ఉచిత ఖాతాలో 100 ఫీడ్లు, న్యూస్‌బ్లర్‌లో 64 పడతాయి. 60 బ్లాగులకు ఏదైనా సరిపోతుంది.

వార్తల సైట్లను మాత్రం అదే రీడర్‌లో పెట్టొద్దు. రోజుకు యాభై వార్తలు వచ్చిపడే చోట నెలకు రెండు టపాలు రాసే మనిషి అడుగున పడిపోతాడు.

ఇంకోటి. రీడర్‌లోంచి ఓపీఎంఎల్ ఫైలు (మీరు చేర్చుకున్న ఫీడ్ల జాబితా) మూడు నెలలకోసారి దించి దాచుకోండి. గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడింది. జాబితా దించుకోవడానికి ఇచ్చిన గడువు ఆ నెల 15. ఆ ఫైలు ఉన్నవాళ్లు జాబితాను ఉన్నదున్నట్టుగా కొత్త రీడర్‌లోకి ఎక్కించుకున్నారు. లేనివాళ్లు పేర్లు గుర్తు తెచ్చుకుంటూ కూర్చోవాల్సి వచ్చింది.

నత్తనడక
ఫీడుపిచ్చి గారు చెప్పినదానికి ఒక సవరణ. రీడర్ పెట్టాక అసలు బెడద "చదవనివి 312" అనే అంకె. అది అప్పుల చిట్టాలా కనిపించి, అసలు రీడర్ తెరవడమే మానేస్తారు. సెట్టింగుల్లో ఆ అంకెను దాచే వీలుంటే దాచేయండి. "వీలైతే" ఫోల్డర్‌ను వారాంతంలో ఒకసారి పైపైన చూసి, అన్నీ చదివినట్టు గుర్తుపెట్టేయండి. మొహమాటం అక్కర్లేదు, ఎవరికీ తెలియదు కూడా. "తప్పనిసరి" ఫోల్డర్‌కు మాత్రం ఆ మీట వాడకూడదు.

నెల రోజులు కనబడకుండా పోయి తిరిగొచ్చినప్పుడు జరిగే పొరపాటు ఇంకొకటుంది. ఒక మిత్రుడి పాత టపాలు తొమ్మిదీ వరుసగా చదివి తొమ్మిదింటికీ వ్యాఖ్యలు పెట్టడం. అవతలివాళ్ల మెయిల్‌బాక్సులో తొమ్మిది నోటిఫికేషన్లు, తొమ్మిది జవాబుల బాకీ! ప్రేమ కాదది, పని పురమాయించడం. చివరి టపా పూర్తిగా చదివి దానికే వ్యాఖ్య పెట్టండి. మిగతావాటి శీర్షికలు చూసి, ఒకదాన్ని అదే వ్యాఖ్యలో ప్రస్తావిస్తే చాలు.

కామాపుల్‌స్టాప్
వ్యాఖ్య గురించి. "చాలా బాగుందండీ" అన్నది హాజరు పలకడం లాంటిది. తప్పు కాదు గానీ, దాంతో స్నేహం ఒక్క అంగుళం కూడా ముందుకు జరగదు. మూడు నిమిషాల్లో పనికొచ్చే వ్యాఖ్య రాయొచ్చు: టపాలో మీరు ఆగిపోయిన వాక్యమేదో చెప్పండి, దానికి మీకు తెలిసింది ఒక ముక్క కలపండి. రెండు నుంచి నాలుగు వాక్యాలు. ప్రశ్న అడిగితే జవాబు చూడటానికి తిరిగి రావాలి. రాలేనని తెలిస్తే అడగొద్దు. అడిగి మాయమైతే, ఏమీ రాయకపోవడం కంటే ఎక్కువ నొచ్చుకుంటారు.

సాంకేతికంగా గుర్తుంచుకోవాల్సినవి: ఎప్పుడూ ఒకే పేరు, ఒకే మెయిల్ ఐడీ వాడండి. వర్డ్‌ప్రెస్ మామూలు అమరికలో, ఇంతకుముందు ఒక వ్యాఖ్య ఆమోదం పొందినవాళ్లదే నేరుగా ప్రచురిస్తుంది. మెయిల్ ఐడీ మారితే మీరు కొత్త మనిషే, మళ్లీ ఆమోదానికి ఆగాలి. గ్రావతార్ బొమ్మ (వ్యాఖ్య పక్కన కనిపించే మీ బొమ్మ) కూడా మెయిల్ ఐడీని బట్టే వస్తుంది. వ్యాఖ్యలో రెండు లింకులుంటే అది కూడా ఆమోదం కోసం ఆగిపోతుంది. కనబడలేదు కదా అని మాటలు మార్చి మళ్లీ మళ్లీ పంపితే స్పామ్ అనుకునే అవకాశం పెరుగుతుంది. ఒక రోజు ఆగండి.

రాసింది "ప్రచురించు" నొక్కేముందు కాపీ చేసుకోండి. ఈ ఒక్క అలవాటుతో సగం చిరాకులు తప్పుతాయి.

అర్ధరాత్రిదీపం
బ్లాగర్‌లో రాసిన వ్యాఖ్య ఎగిరిపోవడానికి కారణం చాలాసార్లు కుకీలే (లాగిన్ లాంటి వివరాలు గుర్తుంచుకోవడానికి సైట్లు బ్రౌజరులో దాచే చిన్న ఫైళ్లు). టపా కిందే కనిపించే వ్యాఖ్యల పెట్టె వేరే డొమైన్ (సైటు చిరునామా) నుంచి వస్తుంది. బ్రౌజరు ఇలా వేరే డొమైన్ పెట్టే కుకీలను (థర్డ్ పార్టీ కుకీలు) అడ్డుకుంటే మీరు లాగిన్ అయి ఉన్న సంగతి ఆ పెట్టెకు తెలియదు. "ప్రచురించు" నొక్కితే పేజీ తిరిగి తెరుచుకుంటుంది, రాసింది ఉండదు. సఫారీ 2020 నుంచి వీటిని పూర్తిగా అడ్డుకుంటోంది కాబట్టి ఐఫోన్‌లో చదివేవాళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువ.

బ్లాగు యజమాని చేయాల్సింది: సెట్టింగ్స్‌లో కామెంట్స్ విభాగానికి వెళ్లి, కామెంట్ లొకేషన్ దగ్గర "ఎంబెడెడ్" తీసేసి "ఫుల్ పేజ్" గానీ "పాప్అప్ విండో" గానీ పెట్టడం. చూడటానికి కాస్త పాతకాలపుదిలా ఉంటుంది, కానీ పనిచేస్తుంది. "ఈమధ్య ఎవరూ వ్యాఖ్యలు పెట్టట్లేదు" అని బాధపడేముందు, లాగవుట్ అయి, ఫోన్‌లోంచి మీ బ్లాగుకు మీరే ఒక వ్యాఖ్య పెట్టి చూడండి.

స్పామ్ పెట్టె కూడా చూడాలి. వర్డ్‌ప్రెస్‌లో అకిస్మెట్ (స్పామ్ వ్యాఖ్యలను ఏరే ప్లగిన్) ఉంటే, స్పామ్ అనుకున్న వ్యాఖ్యలను 15 రోజుల తర్వాత చెరిపేస్తుంది. అంటే పది రోజులకోసారైనా అందులోకి తొంగిచూడకపోతే పాత మిత్రుడి పెద్ద వ్యాఖ్య ఒకటి మీకు తెలియకుండానే పోవచ్చు. ఆయనేమో మీరే తీసేశారనుకుంటాడు.

తీరికలేనిరాత
ఈ కుకీల సంగతి ఉపయోగపడింది. మరి జవాబుల మాటేమిటి? ప్రతి వ్యాఖ్యకూ విడిగా ఇవ్వాలా? ఎన్ని రోజుల్లోపు?

చిత్తుప్రతి
రెండు రోజుల్లోపు, ఒకే విడతలో. వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటి ఇస్తే ప్రతిసారీ మనసు అటు మళ్లుతుంది. ముగ్గురు ఒకే మాట అంటే ముగ్గురి పేర్లూ పెట్టి ఒకే జవాబు ఇవ్వొచ్చు. కానీ ఇక్కడ ఒక చిక్కుంది: సొంత హోస్టింగ్‌లో ఉన్న వర్డ్‌ప్రెస్‌లో, జవాబు వచ్చిందని వ్యాఖ్యాతకు మెయిల్ దానంతటది వెళ్లదు. దానికి ప్లగిన్ (అదనపు సౌకర్యం కోసం చేర్చే చిన్న ప్రోగ్రాం) పెట్టాలి. అది లేకుండా ఎంత శ్రద్ధగా జవాబులు రాసినా, అవతలివాళ్లు తిరిగొచ్చి చూస్తే తప్ప తెలియదు. ఈ నిశ్శబ్దం వల్ల తెగిన స్నేహాలు పోట్లాటల వల్ల తెగినవాటికంటే ఎక్కువేమో.

టపాను ముందే షెడ్యూల్ చేసేవాళ్లకు: పాఠకులు మేలుకుని ఉండే సమయం చూడకండి, మీ తీరిక గంటకు ముప్పావుగంట ముందు పెట్టండి. తొలి వ్యాఖ్యలు పడే వేళకు మీరు అక్కడుంటే అది సంభాషణ అవుతుంది, లేకపోతే నోటీసుబోర్డు అవుతుంది.

షెడ్యూల్ తప్పడానికి మామూలుగా రెండు కారణాలు. ఒకటి టైమ్ జోన్. బ్లాగర్‌లో పసిఫిక్ సమయం అలాగే వదిలేసినవాళ్లు చాలామంది ఉంటారు, ఒకసారి చూసుకోండి. వర్డ్‌ప్రెస్‌లో అయితే "యూటీసీ ప్లస్ ఇంత" (యూటీసీ అంటే ప్రపంచ ప్రామాణిక సమయం) అని కాకుండా నగరం పేరు ఎంచుకోండి. గడియారాలు ముందుకీ వెనక్కీ జరిపే దేశాల్లో ఉంటే నగరం పేరు పెట్టినప్పుడే అది తనంతట సర్దుకుంటుంది. రెండోది: వర్డ్‌ప్రెస్‌లో షెడ్యూల్ పని ఎవరైనా బ్లాగు తెరిచినప్పుడే కదులుతుంది. పాఠకులు తక్కువగా వచ్చే బ్లాగులో ఆరింటి టపా ఏడున్నరకు పడటం అందుకే.

నత్తనడక
టైమ్ జోన్ అన్నారు కాబట్టి: వేర్వేరు ఖండాల వాళ్లు వారానికోసారి కలిసి మాట్లాడుకునే ఏర్పాటు ఉంటే మార్చి, అక్టోబర్ నెలల్లో జాగ్రత్త. అమెరికాలో గడియారం మార్చి రెండో ఆదివారం మారుతుంది, ఐరోపాలో చివరి ఆదివారం. వెనక్కి తిప్పేది అమెరికాలో నవంబర్ మొదటి ఆదివారం, ఐరోపాలో అక్టోబర్ చివరి ఆదివారం. మధ్యలో ఆ కొద్ది వారాలూ ఒక గంట తేడా వచ్చి, ఒకరు ఖాళీ తెర ముందు కూర్చుంటారు. సమయాన్ని యూటీసీలో రాసి పెట్టుకోవడమే తేలిక.

ఫీడుపిచ్చి
"వాళ్లు నాకు వ్యాఖ్య పెట్టారు కాబట్టి నేను పెట్టాలి" అనే ముయ్యికి ముయ్యి లెక్క గురించి ఎవరూ అనలేదు. నా అభిప్రాయంలో దాన్ని మొదటే మానేయాలి.

కామాపుల్‌స్టాప్
పూర్తిగా ఒప్పుకోను. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు తొలి రెండు మూడు నెలలు ఆ ఇచ్చిపుచ్చుకోవడమే పునాది. ఎవరూ రాని బ్లాగుకు మూడుసార్లు వచ్చిన మనిషిని వదులుకోకూడదు. పరిచయం కుదిరాక లెక్క మానేయొచ్చు. డన్‌బార్ అనే మానవశాస్త్రవేత్త మనిషి నిలుపుకోగలిగే సంబంధాలు ఇంచుమించు 150 అన్నాడు, దగ్గరితనాన్ని బట్టి వాటిలో మెట్లు 5, 15, 50, 150. ఈ అంకెల మీద వాదాలున్నాయి, పక్కన పెట్టండి. అన్ని మెట్లకూ ఒకే శ్రద్ధ పంచలేమన్నది మాత్రం రీడర్ తెరిచిన ఎవరికైనా తెలుసు.

అర్ధరాత్రిదీపం
ఆ మొదటి 15 మందికి ఒక చిన్న ఫైలు పెట్టుకోండి. వరుసకు ఒకరు: బ్లాగులో వాడే పేరు, మెయిల్, బ్లాగు చిరునామా, వాళ్ల సమయం, చివరిసారి మాట్లాడిన తేదీ, ఈసారి అడగాల్సిన మాట. ఆరోగ్యం, ఇంటి గొడవల్లాంటివి అందులో రాయొద్దు, ఫైలు ఎవరి కంటైనా పడొచ్చు. కలంపేరుతో రాసేవాళ్ల అసలు పేరు తెలిసినా వ్యాఖ్యల్లో వాడకూడదు. ఒక్కసారి రాస్తే సెర్చ్‌లో ఆ రెండు పేర్లూ అతుక్కుపోతాయి.

నెలకు ఇద్దరికి ఐదు వాక్యాల మెయిల్ చాలు. "అందరం వాట్సాప్ గ్రూపు పెట్టుకుందాం" అనేవాళ్లు ఉంటారు. గ్రూపులో ఫోన్ నంబరు అందరికీ కనిపిస్తుంది. పైగా టపా మీద రావాల్సిన మాటలన్నీ గ్రూపులోకి పోయి బ్లాగు కింద చోటు బోసిపోతుంది.

చిత్తుప్రతి
మిత్రులెవరైనా రాయడం ఆపేస్తే ముందు అనుమానించాల్సింది ఫీడును. డొమైన్ మారి ఉండొచ్చు, గడువు తీరి ఉండొచ్చు. ఆరు వారాలు ఏమీ రాకపోతే బ్లాగును నేరుగా తెరిచి చూడండి. అక్కడా లేకపోతే ఒక మెయిల్ పంపండి. "ఎందుకు రాయట్లేదు" అని అడగొద్దు, జవాబు ఇవ్వక్కర్లేదని అందులోనే రాయండి. రెండు మూడు నెలలాగి ఇంకొకటి. అంతే.

మన వైపు నుంచీ ఒక ఏర్పాటు చేయాలి. గూగుల్ ఖాతా రెండేళ్లు వాడకపోతే దాన్ని తొలగించే హక్కు వాళ్లకుంది, దాంతో మెయిళ్లు పోతాయి. "ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్" అనే సెట్టింగులో 3, 6, 12, 18 నెలల్లో ఏదో ఒకటి ఎంచుకుంటే, అంతకాలం ఖాతా కదలకపోతే మీరు చెప్పిన పదిమంది దాకా కబురు వెళ్తుంది. ఆ జాబితాలో ఇంటివాళ్లతో పాటు ఒక బ్లాగ్మిత్రుడి మెయిల్ పెట్టండి. లేకపోతే ఇంట్లోవాళ్లకు మన ఆన్‌లైన్ స్నేహితులు ఎవరో తెలియదు, స్నేహితులకు మనకేమైందో తెలియదు.

నత్తనడక
మొదటి ప్రశ్నకు లెక్క కట్టి చూస్తే, వారానికి 150 నిమిషాలు: రాత 60, "తప్పనిసరి" చదువు 40, వ్యాఖ్యలు 25, జవాబులు 15, మెయిల్ ఒకటి 10. వ్యాఖ్యల 25 నిమిషాల్లో ఎనిమిది పడతాయి, అంతకంటే ఆశించొద్దు. రాతకు 60 చాలకపోతే చదువులోంచి కోయకండి. టపాను రెండు వారాలకు ఒకటి చేయండి.

తీరికలేనిరాత
రెండు వారాలకు ఒకటి అంటే రాతకు 120 నిమిషాలు, అది కుదురుతుంది. 60 బ్లాగుల్లోంచి పదిమందిని ఏరడమే ఇప్పుడు కష్టం. ఎవరు రాయడం ఆపేస్తే ఆరు వారాల్లో నాకు తెలుస్తుందో చూసి ఏరుతాను. ఓపీఎంఎల్ ఫైలు దించాను. కామెంట్ లొకేషన్ పాప్అప్‌కు మార్చాను. స్పామ్ పెట్టెలో నాలుగు అసలు వ్యాఖ్యలు దొరికాయి, వాటికి జవాబులిచ్చి వస్తాను.