అప్‌డేట్: బొమ్మల కుట్లు ఎందుకు తప్పుతున్నయో దొరికింది

అంగన్‌వాడీ పిల్లల కోసం పాత టీషర్టులతో కుందేలు బొమ్మలు కుడుతుంటే మిషన్ కుట్లు తప్పుతున్నదని, దూది నింపంగనే చెవుల దగ్గర పిగులుతున్నదని అడిగిన కదా. నల్లగొండలో మిషన్ మెకానిక్‌కు చూపించిన. ఆయన కింది దారం ఉండే బాబిన్ కేసు ముట్టనే లేదు. సూది తీసి మొన గోటి మీద గీసి చూసి, "సాగే బట్టకు ఈ సూదేందమ్మా" అన్నడు. మొన గుండ్రంగుండే బాల్ పాయింట్ సూది, 14 నంబరుది వేసిండు. అంతే!

అప్పుడు సూది మార్చమని జవాబిచ్చిన అక్కకు దండం. దారం బిగువు (టెన్షన్) తిప్పుడు, దారం మార్చుడు, నూనె పోసుడు, వీటితో పనే లేకుండె. చెవుల దగ్గర మాత్రం కుట్టు చిన్నగ పెట్టి రెండుసార్లు తిప్పిన. గుండీల కళ్లు వద్దన్న మాట కూడా విన్న, పిల్లలు పీకి మింగుతరని. నల్లదారంతోనే కళ్లు కుట్టిన. పదకొండు అయినయి, ఒకదానికి చెవి పొట్టిగొచ్చింది.