ప్రమాదం తర్వాత వీడని భయానికి మందు వాడాలా, వద్దా?

మునేరు గట్టు:

అందరికీ నమస్కారం. నాకు 32 ఏళ్ళు, ఖమ్మంలో ఉపాధ్యాయినిగా పనిచేస్తున్నాను. పద్నాలుగు నెలల క్రితం రాత్రి ప్రయాణంలో మా బస్సు బోల్తా పడింది. నా పక్క సీటులో కూర్చున్నావిడ అక్కడికక్కడే చనిపోయారు. నాకు భుజం దగ్గర ఎముక విరిగింది. అది రెండు నెలల్లో అతుక్కుంది గానీ, ఆ రాత్రి మాత్రం నన్ను విడిచిపెట్టలేదు. డీజిల్ వాసన తగిలితే గుండె దడదడలాడుతుంది. వీధిలో ఎవరైనా గట్టిగా బ్రేకు వేస్తే చేతిలో ఉన్నది జారిపోతుంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి తెల్లవారేదాకా మంచం మీద కూర్చునే ఉంటాను. ఆనాటి నుంచి మళ్ళీ బస్సు ఎక్కలేదు.

ఇక్కడి మానసిక వైద్యుడు దీన్ని పీటీఎస్‌డీ, అంటే ఘోరమైన సంఘటన తర్వాత మనసును వీడకుండా పట్టుకునే ఆందోళన వ్యాధి అన్నారు. సెర్ట్రాలిన్ అనే మందును మొదటి వారం 25 మిల్లీగ్రాములు, ఆ తర్వాత 50 మిల్లీగ్రాములు వేసుకోమని రాసి, నెల తర్వాత రమ్మన్నారు. ఆ మాత్రల షీటు పన్నెండు రోజులుగా బీరువాలోనే ఉంది. మా అత్తగారు నా మేలు కోరే మనిషే, అయినా "ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలవమ్మా" అని భయపడుతున్నారు. వచ్చే ఏడాది బిడ్డ కావాలని మేమిద్దరం అనుకుంటున్నాము. ఇలాంటి గాయానికి ప్రత్యేకంగా చికిత్స చేసే మనస్తత్వ నిపుణులు హైదరాబాదులో ఉన్నారని తెలిసింది, కానీ అక్కడికి చేరాలంటే నేను దేనికి భయపడుతున్నానో అదే చేయాలి. ఆలోచించి సలహా చెప్పగలరా?

పాత పుస్తకం:

అమ్మా, మీ బాధను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయినా మందు వద్దనే నా అభిప్రాయం, దానికి కారణం చెబుతాను.

మా తమ్ముడికి ఒక ప్రమాదం తర్వాత ఇటువంటి మందే రాశారు. మూడు నెలలన్నది ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో "ఇంకా అవసరమా?" అని ఏ వైద్యుడూ అడగలేదు, పాత చీటీనే మళ్ళీ మళ్ళీ రాసిచ్చారు. ఒక రోజు విసిగి వాడే ఒక్కసారిగా మానేశాడు. వారం రోజులపాటు తల తిరగడం, వికారం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం చూసి మేము హడలిపోయాము. అంతకన్నా నన్ను బాధించినది వేరే ఉంది. ఆరేళ్ళ తర్వాత కూడా వాడు ఆ ప్రమాదం గురించి ఒక్క మాట మాట్లాడలేకపోతున్నాడు. తమ్ముడి ఆందోళనను మందు అణిచింది, కానీ జ్ఞాపకాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఇది మా ఇంటి అనుభవం మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలలో పెద్దవారి పీటీఎస్‌డీకి సెర్ట్రాలిన్ వంటి డిప్రెషన్ మందులను మొదటి చికిత్సగా చెప్పలేదు. మాటల ద్వారా చేసే చికిత్సలు పనిచేయనప్పుడో, అందుబాటులో లేనప్పుడో, తోడుగా డిప్రెషన్ ఉన్నప్పుడో మాత్రమే వాటిని ఆలోచించమన్నది. మొదటి మెట్టును వదిలేసి రెండో మెట్టు మీద కాలు పెట్టడం ఎందుకు?

వంశధార:

పాత పుస్తకం గారూ, మీ తమ్ముడికి జరిగింది అన్యాయం. కానీ ఆ అన్యాయం చేసింది మందా, లేక ఆరేళ్ళపాటు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా చీటీ రాసిన తీరా? మీరు ఉదహరించిన వాక్యంలోనే "అందుబాటులో లేనప్పుడు" అన్న మాట ఉంది. మన జిల్లాలలో ఎక్కువమందికి వర్తించేది ఆ మాటే.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి మా ఇంటి పైకప్పు లేచిపోయి, గోడ కూలి, మా నాన్నగారు దాని కింద చిక్కుకున్నారు. ఆయన బతికారు. తెల్లారి చూస్తే కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమై ఉన్నాయి. ఆ తర్వాత దాదాపు ఏడాదిపాటు గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, నేను పిల్లల్ని లాక్కుని మంచం కిందికి వెళ్ళేదాన్ని. మొదట మా ఊరి ఆర్‌ఎంపీ నిద్రకని అల్‌ప్రాజోలామ్ ఇచ్చారు. వేసుకున్న అరగంటలో హాయిగా ఉండేది, కానీ నాలుగు నెలల్లో ఒక మాత్ర చోట రెండు కావలసి వచ్చాయి. ఈ మందునూ, సెర్ట్రాలిన్‌నూ మన ఇళ్ళలో ఒకటిగా చూస్తారు కాబట్టి, మీ అత్తగారికి చెప్పవలసిన మొదటి సంగతి ఇదే. అలవాటుపడి మోతాదు పెంచుకుంటూ పోయే ప్రమాదం అల్‌ప్రాజోలామ్ జాతి మందులది. సెర్ట్రాలిన్ మీద అలాంటి యావ పుట్టదు. అయితే దాన్ని కూడా ఒక్కసారిగా ఆపకూడదు. తమ్ముడుగారి విషయంలో జరిగింది సరిగ్గా అదే.

తరువాత విశాఖలో ఒక మానసిక వైద్యురాలు నన్ను మెల్లగా మొదటి మందు నుంచి తప్పించి సెర్ట్రాలిన్ మీద పెట్టారు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మొదటి పది రోజులు కడుపులో తిప్పేది, ఆందోళన తగ్గకపోగా కాస్త పెరిగింది. ఇలా జరుగుతుందని ఆమె ముందే చెప్పకపోయి ఉంటే అప్పుడే మానేసేదాన్ని. ఐదో వారంలో ఒక రాత్రి వర్షం పడిందని నాకు పొద్దున గాని తెలియలేదు. నేను బాగుపడుతున్నానని అలా తెలిసింది. భయం పోలేదు గానీ, భయానికీ నాకూ మధ్య ఒక గడప ఏర్పడింది. మరోవైపు దాంపత్య జీవితంలో ఆసక్తి బాగా తగ్గింది. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది, చెప్పాక మోతాదు సర్దారు. ఏడాది వాడాక మరో మూడు నెలలపాటు కొద్దికొద్దిగా తగ్గించి ఆపాము. ఆపి నాలుగేళ్ళు దాటింది.

మంజీర:

నేను క్లినికల్ సైకాలజిస్టును. మందులు రాసే అధికారం నాకు లేదు, నా వృత్తి మాటలతో చేసే చికిత్స. కాబట్టి నా మొగ్గు ఎటుంటుందో చదివేవారు ముందే గమనించుకోవచ్చు. అయినా ఆధారాలు ఏమి చెబుతున్నాయో చూద్దాం.

పీటీఎస్‌డీకి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రత్యేకంగా ఆమోదించిన మందులు రెండే. సెర్ట్రాలిన్‌ను 1999లో, పారోక్సెటిన్‌ను 2001లో ఆమోదించారు. ఈ జాతి మందులపై 1078 మందితో జరిగిన 8 పరిశోధనలను కలిపి 2022లో కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ వెలువరించిన సమీక్షలో, మందు వాడినవారిలో నూటికి 58 మందికి మెరుగుదల కనిపించగా, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 35 మందికి కనిపించింది. అంటే మందు పనిచేస్తుంది, కానీ అందరికీ పనిచేయదు. 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో 223 మంది మాజీ సైనికులను కొందరికి మందు, కొందరికి జ్ఞాపకాన్ని ఎదుర్కొనే చికిత్స, కొందరికి రెండూ ఇచ్చి 24 వారాలు చూశారు. మూడు వర్గాలూ బాగుపడ్డాయి, వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 200 మందితో జరిగిన మరొక అధ్యయనంలో మందు కన్నా ఆ చికిత్స కాస్త ముందున్నా, తాము కోరుకున్న పద్ధతి దొరికినవారు ఎక్కువ మేలు పొందారు. మునేరు గట్టు గారికి ఏది ఇష్టమన్నది అందుకే ఇక్కడ చిన్న ప్రశ్న కాదు. ఎందుకంటే సగంలో మానేసిన చికిత్స ఏదైనా ఉపయోగపడదు.

ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కొనే చికిత్స ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే "కౌన్సెలింగ్" అనగానే మనవాళ్ళు ధైర్యం చెప్పి పంపడం అనుకుంటారు. సాధారణంగా 8 నుంచి 15 సార్లు, ఒక్కోసారి గంటన్నర కూర్చుంటాము. ఆ రాత్రి జరిగినదాన్ని కళ్ళు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టుగా మీరు చెప్పాలి. మళ్ళీ చెప్పాలి, దాన్ని రికార్డు చేసి ఇంట్లో వినాలి. దానితోపాటు మీరు తప్పించుకు తిరుగుతున్నవాటికి ఒక నిచ్చెన గీస్తాము. మీ విషయంలో మొదటి మెట్టు ఖమ్మం బస్టాండు ఎదుట పది నిమిషాలు నిలబడటం కావచ్చు, తరువాతి మెట్టు ఆగి ఉన్న బస్సులో కూర్చోవడం, ఆ తరువాతిది పగటిపూట ఒక్క స్టాపు దూరం వెళ్ళడం. రాత్రి బస్సు చివరి మెట్టు. ఇది కష్టమైన పని. రాత్రి రెండింటికి లేచి కూర్చునే మనిషికి మరీ కష్టం. నిద్ర కుదుటపడితే ఈ పని చేయగలిగినవారిని నేను చూశాను, మందు అవసరం లేకుండానే చేసినవారినీ చూశాను.

హైదరాబాదు గురించి రెండు మాటలు. మీకు రైలు భయం లేకపోతే మొదటిసారి రైలులో రావచ్చు. చాలామంది నిపుణులు వీడియో ద్వారా కూడా ఈ చికిత్స చేస్తారు. ఈలోగా ఎప్పుడైనా తట్టుకోలేకపోతే 14416కు ఫోను చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

మందు మొదలుపెట్టే ముందు మీ వైద్యుడిని అడగవలసినవి ఉన్నాయి. భుజానికి ఇంకా నొప్పి మాత్రలు వాడుతున్నారా? డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివాటితో కలిస్తే సెర్ట్రాలిన్ వల్ల రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. మీకో, దగ్గరి బంధువులకో ఎప్పుడైనా అతి ఉత్సాహం, నిద్ర అక్కర్లేని రోజులు వచ్చి ఉంటే అది తప్పక చెప్పాలి, ఎందుకంటే అటువంటివారిలో ఈ మందులు మనస్థితిని తలకిందులు చేయగలవు. బిడ్డ విషయం ఇప్పుడే చెప్పండి. గర్భం ఆశించేవారికి పారోక్సెటిన్ సాధారణంగా రాయరు. సెర్ట్రాలిన్ తల్లిపాలలోకి తక్కువగా చేరుతుంది, కాబట్టి వైద్యులు తరచుగా దాన్నే ఎంచుకుంటారు. అయితే గర్భం సమయంలో కొనసాగించాలా, ముందే తగ్గించాలా అన్నది మీరిద్దరూ వైద్యుడితో కూర్చుని తేల్చుకోవలసినది. చికిత్స వివరాలూ, తెలిసిన దుష్ప్రభావాలూ మీకు అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. అడిగితే విసుక్కుంటారేమోనని సంకోచించవద్దు.

పాత పుస్తకం:

మంజీర గారూ, మీరు చెప్పిన అంకెలను అంగీకరిస్తున్నాను. వంశధార గారన్నట్టు, మా తమ్ముడి విషయంలో నేను మందు మీద వేసిన తప్పులో సగం దానిది కాదేమో. అల్‌ప్రాజోలామ్‌కూ దీనికీ ఉన్న తేడా కూడా నాకు ఇంతవరకూ స్పష్టంగా తెలియదు.

అయినా ఒక్క చోట నేను వెనక్కి తగ్గను. కాస్త ఊరట దొరికాక మనిషి నిచ్చెన ఎక్కడం మానేస్తాడు. పని సాగుతోంది, నిద్ర పడుతోంది, ఇంకెందుకు ఆ రాత్రిని తవ్వుకోవడం అనిపిస్తుంది. బస్సు ఎక్కకుండానే ఐదేళ్ళు గడిచిపోతాయి. అందువల్ల మందు మొదలుపెట్టిన రోజే రెండు తేదీలు రాసుకోవాలని కోరుతున్నాను. ఒకటి పనిచేస్తోందా లేదా అని తేల్చే తేదీ, రెండోది నిపుణుడి దగ్గర మొదటిసారి కూర్చునే తేదీ. రెండో తేదీ లేకుండా మొదటి మాత్ర వేసుకోవద్దు.

వంశధార:

అది సరైన మాట. నాకు ఆ రెండో తేదీ ఎవరూ ఇవ్వలేదు. గాలికి ఇప్పుడు పరుగెత్తను గానీ, అక్టోబరు వస్తే ఈ నాటికీ పుట్టింటికి వెళ్ళను.

మునేరు గట్టు:

నాలుగు రోజులుగా మీరందరూ రాసినది మా వారికీ, అత్తగారికీ చదివి వినిపించాను. శనివారం మళ్ళీ వైద్యుడి దగ్గరికి వెళ్ళి అడగవలసినవన్నీ కాగితం మీద రాసుకుని అడిగాము. భుజం నొప్పికి నేను వాడుతున్నది డైక్లోఫెనాకే. దాన్ని ఆపి పారాసెటమాల్‌కు మార్చారు. బిడ్డ గురించి మూడో నెలలో మళ్ళీ కూర్చుని మాట్లాడదామన్నారు. హైదరాబాదులోని నిపుణురాలు వీడియో ద్వారా చూడటానికి ఒప్పుకున్నారు. మొదటిసారి వచ్చే నెల 9వ తేదీన.

మందు వాడాలనే నిర్ణయించుకున్నాను. నా నిద్ర తిరిగి రాకుండా ఆ నిచ్చెన మొదటి మెట్టు కూడా ఎక్కలేనని నాకు తెలుసు, అందుకే. నిన్న రాత్రి అన్నం తిన్న తర్వాత మొదటి మాత్ర అత్తగారే నీళ్ళ గ్లాసుతో తెచ్చి ఇచ్చారు. క్యాలెండరులో ఆరో వారం ముగిసే రోజు చుట్టూ ఎర్ర సిరాతో గీశాను, 9వ తేదీ చుట్టూ కూడా. ఆరో వారం ముగిశాక జరిగింది జరిగినట్టు ఇక్కడే రాస్తాను.